బీట్ కొనాలా, చేసుకోవాలా, బ్యాచ్ కట్టాలా? వరంగల్‌లో ర్యాప్ మొదలుపెట్టేవాళ్లకు

సాయంత్రం పూట భద్రకాళి చెరువు కట్ట మీద ఒక చక్కర్ కొడితే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ చూస్తూ తమలో తాము గొణుక్కునే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. పరీక్షకు చదువుతున్నారేమో అనుకుంటాం. కాదు, ర్యాప్ వెర్సు, అంటే పాటలో తాము పాడే చరణం, బట్టీ పడుతున్నారు. నన్ను ఎరిగినవాళ్లు ఆపి అడిగేది ఎప్పుడూ ఒకటే: "అన్నా, మంచి ట్రాప్ బీట్ ఏడ దొరుకుతది?"

బీట్ అంటే ర్యాపర్ గొంతు కింద నడిచే సంగీతం, ట్రాప్ అంటే బరువైన బాస్‌తో నడిచే ర్యాప్ శైలి. దొరకడానికేం, వెతికితే రాత్రికి రాత్రి వంద దొరుకుతాయి. ఏ దారిన తెచ్చుకోవాలన్నదే అసలు తిప్పలు. నేను ముందు ఆన్‌లైన్‌లో బీట్ లీజుకు తీసుకుని పాడాను. తర్వాత ఇక్కడే ఒక స్టూడియోలో డబ్బిచ్చి చేయించుకున్నాను. ఒక ఏడాది పాటు ఒక్కణ్ణే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను. చివరికి నలుగురం కలిసి బ్యాచ్ కట్టాం. నాలుగు దారుల్లోనూ దెబ్బ తిన్నాను కాబట్టి చెప్పే అర్హత కొంత ఉందనుకుంటున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తా: తెలుగులో, అందునా మన యాసలో ర్యాప్ చేసేవాడికి పక్కన కూర్చుని బీట్ కట్టే మనిషి ఉండాలి. అయితే మొదటి పాటకే అక్కర్లేదు. కాగితం లేకుండా అసలే వద్దు.

ఆన్‌లైన్ లీజు: చవకే, కానీ షరతులు చదవండి

బీట్‌స్టార్స్ లాంటి సైట్లలో బీట్ వినొచ్చు, నచ్చితే లీజుకు తీసుకోవచ్చు. 20 నుంచి 50 డాలర్ల మధ్య లీజులు చాలానే కనిపిస్తాయి. కాస్త ఎక్కువ పెడితే ఎంపీ3 బదులు నాణ్యత తగ్గని వేవ్ ఫైల్ ఇస్తారు. ఇంకా ఎక్కువ పెడితే స్టెమ్స్, అంటే కిక్ (డ్రమ్ బరువైన గుద్దు), స్నేర్ (డ్రమ్ చురుకైన దెబ్బ), బాస్, మెలొడీ వేటికవి విడి ఫైళ్లుగా ఇస్తారు. ఎక్స్‌క్లూజివ్ అంటే ఇక మీదట ఆ బీట్ ఇంకెవరికీ అమ్మరు. మామూలు లీజైతే అదే బీట్ మీద నైజీరియాలో ఒకడు, పంజాబ్‌లో ఒకడు, మీరూ పాడుతుంటారు. అద్దె ఇల్లు కాదది, లాడ్జి గది.

యూట్యూబ్‌లో "ఫ్రీ బీట్" అని కనిపించేవాటి సంగతి ఇంకోటి. వాటిలో చాలా వాటికి కింద సన్న అక్షరాల్లో లాభాపేక్ష లేకపోతేనే ఫ్రీ అని ఉంటుంది. పాటకు మానిటైజేషన్ పెట్టినా, స్పాటిఫైకి పంపినా అప్పుడు లీజు కొనాల్సిందే. లీజులోనూ ఇన్ని స్ట్రీముల వరకు, ఇన్నేళ్ల వరకు అని గిరి గీసి ఉంటుంది.

నా రెండో పాటకు డబ్బు కట్టి లీజు తీసుకున్నాను, రసీదు కూడా ఉంది. పాట పెట్టిన తొమ్మిదో రోజు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అదే బీట్ లీజుకు తీసుకున్న ఇంకెవరో తమ పాటను కంటెంట్ ఐడీలో, అంటే ఒకేలా ఉన్న పాటలను యూట్యూబ్ తానే పట్టేసే యంత్రంలో, పెట్టేశారు. ఆ యంత్రానికి మనిషి గొంతు తేడా పట్టలేదు, బీట్ ఒకటే అని పట్టేసుకుంది. మామూలు లీజు ఉన్నవాళ్లు కంటెంట్ ఐడీలో పెట్టకూడదని ఒప్పందంలోనే ఉంటుంది, ఎవడు చదువుతాడు? వివాదం వేస్తే అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. చివరికి క్లెయిమ్ పోయింది. కానీ పాటకు ఊపు ఉండేదే ఆ మొదటి నెల, అది కాస్తా టెన్షన్‌లోనే పోయింది.

అయినా సరే, మొదటి రెండు మూడు పాటలకు లీజే తీసుకోండంటాను. ఎందుకంటే మీరు పాట పూర్తి చేసే మనిషా కాదా అన్నది ముందు తేలాలి. చాలామందికి హుక్ (పాటలో పదే పదే వచ్చే ముక్క) వరకే వస్తుంది. రెండో వెర్సు దగ్గర బండి ఆగిపోతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి పాటకు రెండు మూడు వేలు పెట్టడం నష్టమేం కాదు. రసీదు, ఒప్పందం పీడీఎఫ్ మాత్రం మెయిల్‌లో ఒక ఫోల్డర్‌లో పడేయండి.

లీజు బీట్ ఎక్కడ సరిపోదంటే

ట్రాప్ పుట్టింది అమెరికా దక్షిణ భాగంలో, ముఖ్యంగా అట్లాంటాలో. ట్రాప్ అంటే అక్కడి వాడుకలో మత్తు సరుకు అమ్మే ఇల్లు. అందులో ఇరుక్కున్న బతుకుల గురించి పాడిన పాటలకు 2000ల మొదట్లో ఆ పేరు స్థిరపడింది. ఆ మోతంతా రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చి 1983లో ఆపేసిన టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్‌ది. అప్పట్లో బొమ్మ డప్పులా ఉందని చాలామంది పెదవి విరిచిన మెషీన్ అది. దాని కిక్‌ను సాగదీసి బాస్‌గా వాడటంతో దశ తిరిగింది. ఇప్పుడు "808" అంటే ఆ బాసే.

ట్రాప్ బీట్ ఎక్కువగా 130 నుంచి 150 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య నడుస్తుంది. 140 అనుకోండి, నాలుగు దెబ్బల ఒక బార్ దాదాపు 1.7 సెకన్లు. స్నేర్ మూడో దెబ్బ మీద పడుతుంది కాబట్టి వినడానికి సగం వేగంలా, బరువుగా ఉంటుంది. పైన హై-హ్యాట్ (చిన్న తాళం మోత) మాత్రం జొన్నలు వేయించినట్టు చిటపటలాడుతుంది. ఇదంతా ఇంగ్లీషు మాటకు తగ్గట్టు ఎదిగిన కట్టడం. వాళ్లు ప్రాసను లైను చివర, స్నేర్ దగ్గర పడేస్తారు. మన దగ్గర క్రియ చివర్లో వస్తుంది. చివర ప్రాస కలపడం మనకు మహా సులువు, అందుకే పస తక్కువ. దిగిన, తిరిగిన, అడిగిన అనుకుంటూ పోవచ్చు, ఎవరూ తల తిప్పరు. పద్యంలో మనవాళ్లు ప్రాసను లైను మొదట్లో, రెండో అక్షరం మీద పెట్టారు. బడిలో ఛందస్సంటే పారిపోయినవాడి చెవికి కూడా అది తెలుసు.

మా బ్యాచ్‌లో మొదట కట్టిన పాటలో నా లైన్లు ఇవి:

కాజీపేటల రైలు దిగిన
రాజీ వడక రోడ్డు వట్టిన

ముందు దీన్ని లీజు బీట్ మీద పాడాను. ప్రతి బార్ మొదటి దెబ్బకు కిక్, 808 రెండూ కలిసి గుద్దుతున్నాయి. "కాజీ", "రాజీ" రెండూ ఆ గుద్దు కింద నలిగిపోయాయి. చెవికి మిగిలింది దిగిన, వట్టిన. ఆ రెండు మాటల కోసం పాట ఎవడు వింటాడు? మా బీట్ చేసే తమ్ముడు ఒకటికి నాలుగుసార్లు విని, "అన్నా, నీ మాట ముందే గుద్దుతుంది, నా బాస్ జర ఆగాలె" అన్నాడు. ఆ రెండు బార్లలో మొదటి దెబ్బ మీద కిక్ తీసేశాడు. 808ను అర దెబ్బ వెనక్కి జరిపాడు. ఆ ఖాళీలో ఒక్క హై-హ్యాట్ ఉంచాడు. అంతే. "కాజీ" గోడకు కొట్టిన బంతిలా వచ్చింది. పని మొత్తం నాలుగు నిమిషాలు. ఎంపీ3 లీజులో ఇది కుదరదు. స్టెమ్స్ ఉంటే కుదురుతుంది, కానీ జరపాలన్న ఆలోచన రావాలంటే మన మాట తెలిసిన చెవి ఉండాలి.

ఇక్కడి స్టూడియోలు

వరంగల్, కరీంనగర్ వైపు రికార్డింగ్ గదులు చాలావరకు జానపదాలు, డీజే పాటలు, బతుకమ్మ, బోనాల పాటల మీద నడుస్తాయి. పని చకచకా అవుతుంది. కీబోర్డు మీద చెయ్యి తిరిగినవాళ్లుంటారు. గొంతు రికార్డు చేయడంలో వాళ్లకు వంక పెట్టలేం. ట్రాప్ మిక్స్ మాత్రం వేరే విద్య. నేను చేయించుకున్న చోట నా గొంతుకు భక్తి పాటకు వేసినంత ఎకో వేశారు. ఇంటికెళ్లి వినిపిస్తే మా అమ్మ, "ఏ గుడికాడ వాడినవ్ రా?" అంది. 808ను తగ్గించి, పైన రిథమ్ ప్యాడ్ పెంచారు. తప్పు వాళ్లది కాదు, రోజూ వచ్చే గిరాకీకి కావాల్సింది అదే. నేనే తెలియక పోయాను.

అందుకే బీట్ వేరే చోట కట్టించుకుని, గొంతు రికార్డింగుకు మాత్రం అక్కడికి వెళ్లండి. గంట లెక్కన తీసుకుంటారా, పాట లెక్కన తీసుకుంటారా అని ముందే అడగండి. ర్యాప్‌కు టేకులు ఎక్కువ పడతాయి, పాట లెక్కే లాభం. బయటికొచ్చేటప్పుడు ఎకో ఏమీ వేయని ఉత్త గొంతు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డప్పు, డోలు రికార్డు చేయాలన్నా ఇలాంటి గదే మేలు. కళాకారుడు వచ్చి బయట మంట పెట్టి డప్పు కాచుకుని, చర్మం బిగిశాక మోగిస్తాడు. దానికి చోటూ ఓపికా ఉన్నది వాళ్ల దగ్గరే.

ఇక్కడ ఒక మాట. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన ఒగ్గుకథ వీడియో నుంచి డోలు ముక్క కత్తిరించి బీట్‌లో పెట్టేవాళ్లున్నారు. దరువు ఊరందరిదీ కావచ్చు, ఆ రికార్డింగ్ మాత్రం చేసినవాళ్లది. పాత సినిమా పాట ముక్కైతే ఇక చెప్పనక్కర్లేదు. కళాకారుణ్ణి పిలిచి, డబ్బిచ్చి, పేరు వేసి కొత్తగా రికార్డు చేసుకోండి. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా కూడా తీసుకుంటే, ఆ రెండింటినే హై-హ్యాట్, స్నేర్ బదులు వాడుకోవచ్చు.

హైదరాబాద్ వెళ్లి చేయించుకోవడం గురించి పెద్దగా చెప్పను. 145 కిలోమీటర్లు, మంచి మిక్సింగ్ ఇంజినీర్లు ఉన్నారు. చివరి మిక్స్ కోసం ఒకసారి వెళ్లండి. పాట పుట్టించడానికి వెళ్తే గడియారం చూసుకుంటూ రాయాల్సి వస్తుంది.

ఒక్కరే చేసుకోవడం

ఎఫ్ఎల్ స్టూడియో అనే బీట్లు కట్టే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో పని చేయొచ్చు, సేవ్ కూడా చేయొచ్చు. కొనేదాకా ఆ ఫైల్‌ను మళ్లీ తెరవనివ్వదు. ఈ సంగతి తెలియక రాత్రంతా కట్టిన బీట్ పొద్దున తెరుచుకోక ఏడ్చినవాళ్లలో నేనొకణ్ణి. కొనేటప్పుడు అన్నింట్లోకీ చవకైన ఫ్రూటీ ఎడిషన్ తీసుకోవద్దు, అందులో గొంతు రికార్డు చేయలేరు. ప్రొడ్యూసర్ ఎడిషన్ నుంచి అది ఉంటుంది. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. డబ్బు మరీ ఇబ్బందైతే రీపర్ చూడండి, 60 రోజుల ట్రయల్, తర్వాత చిన్న లైసెన్సు 60 డాలర్లు. బ్యాండ్‌ల్యాబ్ ఫోన్‌లోనే ఉచితంగా నడుస్తుంది, ఆలోచనలు దాచుకోవడానికి చాలు.

వస్తువుల కంటే గది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కండెన్సర్ మైకు అన్నీ వింటుంది. నయీంనగర్‌లో మా అద్దె గదిలో వేసవిలో కూలర్ ఆపి రికార్డు చేసేవాణ్ణి, రెండో టేకుకే చెమట కళ్లలో పడేది. కిటికీకి రెండు బొంతలు కట్టాం. అయినా పెళ్లిళ్ల సీజన్‌లో బరాత్ వస్తే మైకు మూసుకుని కూర్చోవడమే. ఇలాంటి గదికైతే గోల తక్కువ పట్టే డైనమిక్ మైకే నయం. కండెన్సరే కావాలనుకుంటే ఇంటర్‌ఫేస్‌కు (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఆ మైకుకు కావాల్సిన కరెంటు, ఉందో లేదో చూసుకోండి.

మొదట్లో అందరూ బోర్లా పడేది బాస్ దగ్గరే. హెడ్‌ఫోన్‌లో గుండె అదిరేలా ఉన్న 808, ఫోన్ స్పీకర్‌లో మాయమైపోతుంది. 45, 50 హెర్ట్జ్ దగ్గరి మోతను అంత చిన్న స్పీకర్ పలికించలేదు. దానికి కొంచెం డిస్టార్షన్ కలిపితే పై స్వరాలు పుట్టి, చెవి కింది మోతను ఊహించుకుంటుంది. మా దగ్గర ఆటో పరీక్ష అని ఒకటుండేది. తెలిసిన ఆటో అన్న బండిలో పాట పెట్టించి చౌరస్తా దాకా పోయి వచ్చేవాళ్లం. ఆ స్పీకర్లలో మాట, బాస్ రెండూ తెలిస్తే మిక్స్ అయిపోయినట్టు.

ఒక్కరే చేసుకోవడంలో డబ్బు కంటే కాలం ఎక్కువ ఖర్చవుతుంది. నాకు వినదగ్గ బీట్ కట్టడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదిలో ఒక్క వెర్సూ రాయలేదు. రాతే మీ బలమైతే ఈ దారిలో పూర్తిగా మునగకండి. కనీసం బీట్‌లో ఒక దెబ్బ ఎక్కడుందో చూపించగలిగేంత నేర్చుకుంటే చాలు.

బ్యాచ్

అట్లాంటాలో 90ల మొదట్లో ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే ముగ్గురు ప్రొడ్యూసర్లు ఒకరి తల్లి ఇంటి కింద, మట్టి నేల గదిలో మెషీన్లు పెట్టుకుని పని చేసేవారు. దాన్ని డంజన్ అనేవారు. అవుట్‌కాస్ట్, గూడీ మాబ్ అనే ర్యాప్ బృందాలు ఆ గదిలోంచే వచ్చాయి. ఆ తర్వాతి తరంలో లెక్స్ లూగర్, సౌత్‌సైడ్ మొదలుపెట్టిన 808 మాఫియా పూర్తిగా ప్రొడ్యూసర్ల బ్యాచ్. ఒకడు మెలొడీ, ఒకడు డ్రమ్స్ అని పంచుకుని, ఎవరు కట్టినా అందరి పేరూ మోసే ముద్ర ఒకటి వేసుకున్నారు. దీని బలం వేగం. నలుగురు కలిస్తే వారానికి పది బీట్లు తయారవుతాయి, వాటిలో రెండు వినేలా ఉంటాయి. ఒక్కడు కూర్చుంటే ఆ రెండు రావడానికి నెల పడుతుంది.

మన ఊళ్లో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. నిట్ ఫెస్టు, యూనివర్సిటీ క్యాంపస్, గణపతి మండపం, ఎక్కడ చోటు దొరికినా ఒక్కడికి పది నిమిషాలు నింపడం కష్టం. బ్యాచ్‌కు అరగంట కూడా చాలదు. మైకు, ఇంటర్‌ఫేస్ ఖర్చు తలా కొంత పడుతుంది. ఒకడికి పరీక్షలుంటే ఇంకొకడు పని నడిపిస్తాడు.

గొడవలు రావడానికి కారణం ఎప్పుడూ సంగీతం కాదు. పాటలను స్పాటిఫై లాంటి చోట్లకు పంపే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒకడి పేరు మీదున్న ఖాతాలోకి డబ్బు వస్తుంది, లెక్క అడగడానికి మిగతావాళ్లకు మొహమాటం. ఒకడు రోజూ వస్తాడు, ఇంకొకడు వీడియో షూట్ రోజే వస్తాడు, పోస్టర్ మీద నాలుగు ముఖాలూ ఒకే సైజు. మాది రెండేళ్లు బాగా నడిచి, ఒక పాటకు అనుకున్నదానికంటే ఎక్కువ పైసలు వచ్చిన నెలలో పగిలింది. మహా అయితే ఒక్కొక్కరికి మంచి బూట్లు వచ్చేంత. వాటి గురించి నలుగురం మూడు నెలలు మాట్లాడుకోలేదు.

చట్టం ఏమంటుందో అప్పుడు చదువుకున్నాను. ఒక పాటలో మూడు వేరు వేరు హక్కులుంటాయి: రాత, సంగీతం, రికార్డింగ్. రాసింది మీరైతే రాత మీది, బీట్ కట్టినవాడిది సంగీతం. రికార్డింగ్ మాత్రం ప్రొడ్యూసర్‌ది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ర్యాప్‌లో ప్రొడ్యూసర్ అంటే బీట్ చేసేవాడు. 1957 కాపీరైట్ చట్టంలో ప్రొడ్యూసర్ అంటే ఆ రికార్డింగ్ జరగడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవాడు. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనుకోవాలి, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. "నీది నాది ఏముందిరా, అంతా మనదే" అన్న మాట ఎక్కడా చెల్లదు. ఇంకోవైపు, నలుగురూ లాభం కోసం కలిసి వ్యాపారంగా నడిపితే, వేరే ఒప్పందం లేనప్పుడు 1932 భాగస్వామ్య చట్టం లాభాన్ని సమానంగా పంచమంటుంది. షూట్ రోజు మాత్రమే వచ్చినవాడికీ అంతే వాటా.

కాబట్టి నా సలహా: బ్యాచ్ మొత్తానికి వాటాలు పెట్టుకోకండి, పాట పాటకూ పెట్టుకోండి. ఒక్కో పాటకు ఒక్కో పేజీ. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, గది, మైకు ఖర్చు ఎవరు పెట్టారు, వచ్చినదాంట్లో ఎవరికెంత శాతం, ఖాతా ఎవరి పేరు మీద, లెక్క ఎన్ని నెలలకోసారి చూపిస్తారు. పాట రిలీజుకు ముందు రాయాలి, తర్వాత కాదు. రిలీజు కాని పాటకు ఎవరూ గొడవపడరు, సంతకాలు నవ్వుతూ పెడతారు. రాసేవాళ్లు, బీట్ కట్టేవాళ్లు పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో ఎవరికి వారు సభ్యులుగా చేరండి. ఆ రాయల్టీ బ్యాచ్ ఖాతాతో సంబంధం లేకుండా మీ పేరు మీదే వస్తుంది.

వేరేవాళ్లు ఇప్పటికే నడుపుతున్న బ్యాచ్‌లోకి రమ్మని పిలిస్తే, పాటలు వినడం కంటే ముందు ఒక పని చేయండి. ఆ బ్యాచ్ వదిలి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కలిసి ఒక చాయ్ తాగండి. వాళ్ల పాటల ఫైళ్లు వాళ్లకు ఇచ్చారా అని అడగండి, చాలు. ఇచ్చారంటే చేరండి. "ఆ సంగతి ఇడిసెయ్ అన్నా" అంటే, మీరు కూడా ఆ బ్యాచ్ సంగతి ఇడిసెయ్యండి.

ఇక మీ చేతిలో ఇప్పుడు ఏమీ లేదు, నాలుగు వెర్సులు మాత్రమే ఉన్నాయి అనుకుందాం. నేనైతే ఒక లీజు బీట్ మీద ఒక పాట పూర్తి చేస్తాను, గొంతు ఇక్కడి స్టూడియోలో రికార్డు చేయిస్తాను. ఆ పాట పట్టుకుని ఊళ్లో బీట్లు కట్టే ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి, "ఇదే పాటకు నువ్వైతే ఏం మారుస్తవ్?" అని అడుగుతాను. బాస్ ఇంకా పెంచుతానన్నవాణ్ణి పక్కన పెడతాను. నా మాట వినిపించడానికి బాస్ ఆపుతానన్నవాడితో ఒక్క పాటకు, డబ్బిచ్చి, పేజీ రాసుకుని కూర్చుంటాను. మూడు పాటల తర్వాత కూడా ఒకరి ఫోన్ ఒకరు ఎత్తుతుంటే అప్పుడు బ్యాచ్‌కు పేరు వెతుక్కోవచ్చు.

ప్రాజెక్టు ఫైళ్లకు మాత్రం మొదటి రోజు నుంచే రెండు హార్డ్‌డిస్కులు పెట్టండి, రెండూ ఒకే ఇంట్లో ఉంచొద్దు. మా ఒకే ఒక్క డిస్కు మాతో మాట్లాడని ఒకడి గదిలో ఉండిపోయింది. "కాజీపేటల రైలు దిగిన" అసలు ఫైల్ ఇప్పటికీ అందులోనే ఉంది.